ఊగితేనే నిలుస్తుంది

ఆదివారం పొద్దున ఎనిమిది దాటితే నందిపేట్‌లోని ఆ ఇంటి పెరట్లోంచి ‘ఠంగ్’మని మోత వస్తుంది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ‘ఠంగ్’. వంటింట్లో జొన్నరొట్టె కొడుతున్న అమ్మమ్మ చేయి ఆపకుండానే లెక్కపెడుతుంది. పదింటికి ఎనిమిదో తొమ్మిదో మోగితే ‘ఇయ్యాల పిల్ల మంచిగున్నది’ అనుకుంటుంది. ఆరుకు పడిపోయిందంటే రాత్రి సరిగా నిద్రపోలేదన్నమాట.

పక్కింటివాళ్లు మొదట్లో ఎవరో గుడిగంట కట్టుకున్నారనుకున్నారు. గంట కాదది. అరచేయంత ఇనుప పళ్లెం. దానికి పది మీటర్ల అవతల ఎయిర్ రైఫిల్ పట్టుకుని నిలబడేది తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలు. ఆమె వెనక పీట వేసుకుని కూర్చునేది తాత.

తాత బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశారు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పేరు చెబితే ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఇప్పటికీ చెరుకు బండ్ల వరసలు, సైరన్ మోతలు గుర్తొస్తాయి. 2015 డిసెంబరులో అక్కడ లే-ఆఫ్ ప్రకటించేనాటికి ఆయన రిటైరై రెండేళ్లయింది. ఉద్యోగం పోయినా చేతికి పనిముట్టు అలవాటు పోలేదు. ఊళ్లో ఎవరి మోటారు మొరాయించినా, ఎవరి గేటు కీచుమన్నా ముందు ఆయనకే కబురు.

మనవరాలికి ఈ పిచ్చి పట్టింది ఎన్‌సీసీ క్యాంపులో. అక్కడ పాయింట్ టూ టూ రైఫిల్‌తో కాల్చిన కొన్ని గుండ్లు ఆ పిల్ల మనసులో గట్టిగా దిగబడిపోయాయి. ఇంటికొచ్చాక అదే మాట. లండన్ ఒలింపిక్స్‌లో, 2012లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లోనే పెరిగాడని చెప్పేది. 2018లో పదమూడేళ్లకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయిన ఈషా సింగ్‌దీ హైదరాబాదేనని, ఆమె కోసం నాన్న ఇంట్లోనే కాగితపు టార్గెట్‌లతో చిన్న రేంజ్ కట్టాడని చెప్పేది. ఆ ఈషాయే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ‘ఆమెకు నాయిన కట్టిండు, నాకు నువ్వు కట్టియ్యరాదా తాతా’ అంది మనవరాలు. ఆ ఒక్క మాటకు ఆయన కరిగిపోయారు.

ఎయిర్ రైఫిల్ కొనడం పెద్ద కష్టం కాలేదు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. లైసెన్సు అక్కర్లేదనగానే చాలామంది దాన్ని ఆటవస్తువు అనుకుంటారు. జాతరలో బెలూన్ల బండి దగ్గర పది రూపాయలిచ్చి కాల్చిందే కదా అనుకుంటారు. పిట్టల మీదా పిల్లుల మీదా గురిపెడతారు. తాత తుపాకి చేతికిచ్చే ముందే ఒట్టు వేయించుకున్నారు. ప్రాణమున్న దేనివైపూ గొట్టం తిరగకూడదు. శ్రీరాంసాగర్ వెనక జలాల మీదికి వచ్చే కొంగల్ని చూడ్డానికే తప్ప గురిపెట్టడానికి కాదు.

మొదట కాగితాలే పెట్టారు. పోటీల్లో లెక్కకొచ్చేది అదే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నడిమి పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. బాల్‌పెన్నుతో పెట్టిన చుక్కంత! దాన్ని కొట్టడం కాదు, చూడ్డమే గగనం. ప్రతి గుండుకూ నడిచి వెళ్లి కాగితం చూసి రావాలి. గంటసేపట్లో పిల్ల ముఖం వాడిపోయేది. తగిలిందో లేదో అప్పటికప్పుడు చెప్పేది ఏదైనా ఉంటే బాగుండునని తాతకు తోచింది. ఇనుమైతే తానే చెబుతుంది కదా!

ఈ ఆలోచన ఆయనొక్కరిది కాదు. మెక్సికోలో ఒకప్పుడు బతికున్న కోళ్లనూ పొట్టేళ్లనూ దూరాన నిలబెట్టి కాల్చేవారు. తర్వాత వాటి ఆకారంలో కత్తిరించిన ఇనుప బొమ్మలు ఆ స్థానంలోకి వచ్చాయి. కోడి, పంది, టర్కీ, పొట్టేలు అంటూ ఆ పోటీ ఇప్పటికీ నడుస్తోంది. చలికాలపు ఒలింపిక్స్‌లో మంచు మీద జారుకుంటూ వచ్చి కాల్చే బయథ్లాన్ పోటీలోనూ తగిలితే పడిపోయే లోహపు టార్గెట్‌లే ఉంటాయి.

తాత ముందు అమ్మమ్మ పాత పెనం మీద కన్నేశారు. ‘నా పెనం జోలికొస్తే మీకు రొట్టె బంద్’ అని ఆమె కరాఖండిగా చెప్పేసింది. దాంతో ట్రాక్టరు పనిముట్లు బాగుచేసే షెడ్డులో మూలకు పడేసిన అరిగిన డిస్కు నాగలి పళ్లెం ఒకటి తెచ్చారు. రాళ్ల నేలను చీల్చి చీల్చి పక్కన పడ్డది. సుత్తితో కొడితే ఖణీమంది. ‘దీనికన్నా గట్టిది ఇంకేముంటది’ అనుకున్నారు. వేపకొమ్మకు జీఐ తీగతో వేలాడదీశారు. నడుమనున్న చదరపు రంధ్రం పక్కన సుద్దముక్కతో గుండ్రం గీశారు. మొదటి మోతకు మనవరాలు ఎగిరి గంతేసింది. మూడు ఆదివారాలు పండగలా గడిచాయి.

నాలుగో ఆదివారం గుండు పేలిన మరుక్షణమే పిల్ల ‘అమ్మా’ అని ముఖం పట్టుకుంది. ఆమెకు దూరపు చూపు తక్కువ. ఎప్పుడూ కళ్లద్దాలుంటాయి. ఎడమ అద్దం మీద ఆవగింజంత గీత పడింది. కింద, ఆమె కాళ్ల దగ్గర, నలిగిన సీసం ముక్క మెరుస్తోంది. కొట్టిన గుండే వెనక్కి తిరిగి వచ్చింది. అద్దాలు లేకపోయి ఉంటే... ఆ వాక్యాన్ని ఇంట్లో ఎవరూ పూర్తి చేయలేదు.

సాయంత్రం నిజామాబాద్ నుంచి కూతురి ఫోన్. ‘బాపూ, గా తుపాకి ఎవలకన్న ఇచ్చేయుండ్రి. పతకాలు వద్దు ఏం వద్దు. నాకు పిల్ల కండ్లు గావాలె.’ ఆయన మారు మాట్లాడలేదు. రైఫిల్ అటక ఎక్కింది. మనవరాలు రెండు వారాలు నందిపేట్ రాలేదు.

ఆ రెండు వారాలూ తాత పెరట్లో ఆ పళ్లెం ముందే కూర్చున్నారు. ముప్పై ఏళ్లు యంత్రాల మధ్య తిరిగిన మనిషి. విరిగిన ప్రతి ముక్కనూ తిప్పి తిప్పి చూసి, ఎందుకు విరిగిందో తెలుసుకున్నాకే కొత్తది బిగించిన మనిషి. ఇక్కడ తప్పు ఎవరిది? తుపాకిది కాదు. పిల్లది అసలే కాదు. గట్టిదైతే చాలనుకున్న తన లెక్కే తప్పు.

సీసం మెత్తని లోహం. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ బరువు అర గ్రాము. పోటీల్లో వాడే రైఫిల్ నుంచి అది సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పోతుంది. చదునైన ఇనుము మీద నేరుగా పడితే నలిగి బిళ్లలా అయిపోతుంది. పొడి ముక్కలు పళ్లెం ముఖాన్ని ఒరుసుకుంటూ పక్కలకు చిమ్ముతాయి. కాల్చినవాడి వైపు రావడం తక్కువ. అదే ఇనుము గిన్నెలా లోపలికి వంగి ఉంటే? పక్కకు జారబోయిన ముక్క ఆ వంపు వెంట తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. డిస్కు నాగలి పళ్లెం అచ్చం గిన్నెలా ఉంటుంది. పైగా గిన్నె నోరు పిల్ల వైపే పెట్టారు. నడిమి రంధ్రం అంచులు మరో ప్రమాదం. అంచుకు తగిలిన గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పెద్ద తుపాకుల రేంజ్‌లలో ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. రైఫిల్ గుండు మామూలు ఇనుము మీద గుంటలు చేస్తుంది. ఆ గుంటలే చిన్న చిన్న గిన్నెలై తర్వాతి గుండు ముక్కల్ని వెనక్కి విసురుతాయి. అందుకే అక్కడ బ్రినెల్ కొలతలో 500 దాకా కాఠిన్యమున్న ప్రత్యేక ఉక్కు వాడతారు. మన వెల్డింగ్ షాపుల్లో దొరికే మామూలు ఇనుము అందులో నాలుగో వంతు గట్టిదనానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ ప్రత్యేక ఉక్కుకు వేడి తగిలితే పదును దిగిపోతుంది. గ్యాస్ మంటతో కోసినా, కొక్కెం వెల్డింగ్ చేసినా ఆ మేరకు మెత్తబడి, గుంటలు పడటం అక్కడే మొదలవుతుంది. ఎయిర్ రైఫిల్‌కు అంత ఉక్కు అక్కర్లేదు. సీసం పెల్లెట్‌కు ఆరు మిల్లీమీటర్ల మామూలు ఇనుము చాలు. కానీ అది అద్దంలా చదునుగా ఉండాలి. సొట్ట పడ్డనాడు తీసి అవతల పారేయాలి. ఇక ఉక్కు బీబీ గుండ్లనైతే ఇనుము మీద ఎప్పటికీ కాల్చకూడదు. అవి నలగవు, బంతిలా వెనక్కి ఎగిరొస్తాయి.

పళ్లెం సంగతి తేలింది. అరచేయంత గుండ్రటి ముక్క కోయించి, ఆకురాయితో అంచులు నునుపు చేశారు. అసలు పరీక్ష తర్వాత మొదలైంది. దీన్ని దేనికి వేలాడదీయాలి?

పాతకాలం బడిలో చదివినవారికి బడిగంట గుర్తుండే ఉంటుంది. చెట్టుకో దూలానికో వేలాడే రైలు పట్టా ముక్క. ఎన్ని తరాల పిల్లలు కొట్టినా ఆ పట్టాకు ఏమీ కాలేదు. తెగిందల్లా దాన్ని మోసిన తీగే. మోగేదాన్ని అందరూ చూస్తారు, మోసేదాన్ని ఎవరూ చూడరు.

తాత ముందు గోడకు యాంగ్లర్ బిగించి, దానికి పళ్లేన్ని కదలకుండా బోల్టుతో కట్టేద్దామనుకున్నారు. ఆలోచిస్తే అదీ తప్పే. కదలని పళ్లెం దెబ్బనంతా బోల్టు మీదికి తోస్తుంది. ఎయిర్ రైఫిల్ దెబ్బ చిన్నదే కావచ్చు. రోజుకు వందసార్లు పడే చిన్న దెబ్బ నట్టును వదులు చేస్తుంది. పైగా గట్టిగా పట్టిన పళ్లెం మోగదు, ‘టక్’మంటుంది అంతే. ఊగే పళ్లెం దెబ్బను ఊగులోనే ఖర్చు చేస్తుంది.

నైలాన్ తాడు కట్టి చూశారు. నందిపేట్ ఎండ సంగతి తెలిసిందే. ఒక్క వేసవి చాలు, తాడు పొట్టు రేగి పొడిపొడి అవుతుంది. గురి తప్పిన పెల్లెట్ ఒకటి తగిలితే అంతకుముందే తెగుతుంది. జీఐ తీగ పైకి బలంగానే కనిపిస్తుంది. కొక్కెం దగ్గర అటూ ఇటూ వంగి వంగి అలిసిపోతుంది. చేత్తో తీగను పదిసార్లు వంచితే తెగుతుందే, అదే పని ఇక్కడ మెల్లగా జరుగుతుంది. సైకిల్ చైను ఒక దిక్కుకే వంగుతుంది. పక్కకు మెలిపడితే పిన్నులు బిగుసుకుంటాయి, వానకు తుప్పు పడతాయి.

ఉయ్యాల గొలుసు వీటన్నింటికన్నా మేలు. బరువు మోస్తుంది, అన్ని దిక్కులకూ కదులుతుంది. దాంట్లో రెండు లోపాలు ఫిట్టరు కంటికి కనిపించాయి. ఒకటి, కడియం కడియాన్ని ఒరుసుకునే చోట అరుగుతుంది. చెరుకును మిల్లులోకి మోసే క్యారియరు గొలుసులు ఎక్కడ అరిగేవో ఆయనకు కంఠతా వచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. గొలుసు కడియం గుండ్రంగా ఉంటుంది. దానికి తగిలిన గుండు ఏ దిక్కుకు పోతుందో చెప్పలేం. గొలుసు వాడాల్సి వస్తే అది గురి వేసే దారిలో ఉండకూడదు.

జవాబు రైస్ మిల్లులో దొరికింది. నిజామాబాద్ జిల్లాలో రైస్ మిల్లులకు కొదవేముంది? వడ్లను పైకి మోసే ఎలివేటరు బెల్టు పాతబడితే కోసి పక్కన పడేస్తారు. లోపల గుడ్డ పొరలు, పైన రబ్బరు. ఏళ్ల తరబడి చక్రాల మీద వంగుతూ లేస్తూ పనిచేసిన సరుకు. వంగడమే దాని వృత్తి. పెల్లెట్ తగిలితే గీత పడుతుందేమో గానీ ఒక్క దెబ్బకు తెగదు. గుండును గొలుసులా పక్కకు విసరదు. తాత మూడు వేళ్ల వెడల్పున ఒక జానెడు ముక్క కోసుకొచ్చారు.

బిగించిన పద్ధతిలోనూ ఒక కిటుకుంది. బెల్టును పళ్లెం ముందు కాదు, వెనక పెట్టారు. గుండ్రటి నున్నని తల ఉన్న బోల్టు ముందువైపు నుంచి దూర్చి, వాషరూ నట్టూ వెనక బిగించారు. ముందు నుంచి చూస్తే పట్టుకునే అంచు ఒక్కటీ కనిపించదు. పళ్లెం బరువు వెనకనున్న బెల్టు మీద వేలాడుతుంది కాబట్టి దానంతటదే పైఅంచు కాస్త ముందుకు వాలుతుంది. పెద్దవాళ్ల ముందు తల వంచిన పిల్లలా నిలబడుతుంది. అలా తలవంచిన పళ్లెం మీద పడ్డ సీసం నేల వైపే పోతుంది.

వేపకొమ్మను మానేశారు. చెట్టు ఊగితే గురి మారుతుంది. రెండు ఇనుప గుంజలు పాతి, పైన అడ్డ పైపు వేశారు. గుంజలు గురి దారికి దూరంగా ఉన్నాయి. పైపు ముందు మందపాటి చెక్క అడ్డం కట్టారు. వెనక గోడకు ఇసుక బస్తాలు పేర్చారు. పక్కల గోనె పరదాలు దిగాయి.

ఇంతా చేశాక అమ్మమ్మ ఒక ప్రశ్న వేసింది. ‘మరి నా కోళ్ల సంగతేంది? గవి నేల మీద ఏది మెరిస్తే అది పొడుస్తయి.’ తాతకు తట్టని సంగతి అది. సీసం విషం. నేల మీద రాలిన సీసం గుండ్లను గింజలనుకుని మింగి పక్షులు చనిపోవడం ప్రపంచమంతా తెలిసిన సంగతే. పిల్లల ఒంట్లో చేరినా మెదడుకు చేటు. వెంటనే పళ్లెం కింద ఇసుక పోసిన పాత రేకు తొట్టి చేరింది. చుట్టూ కోళ్లు రాకుండా జాలీ వచ్చింది. నెలకోసారి ఇసుక జల్లెడ పట్టి సీసం వేరుచేసి డబ్బాలో మూత పెడతారు. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడగందే రొట్టె ముట్టకూడదు. ఇది అమ్మమ్మ చట్టం, దానికి అప్పీలు లేదు.

చివరగా పిల్ల కళ్లద్దాల మీద పెట్టుకునే పాలికార్బొనేట్ రక్షణ అద్దాలు మూడు జతలు కొన్నారు. పిల్లకొకటి, తనకొకటి, చూడటానికి ఎవరొచ్చినా మూడోది. అద్దాలు లేనివాళ్లకు పెరట్లోకి ప్రవేశం లేదు. పెరటి తలుపు గొళ్లెం పడ్డాకే తుపాకి అటక దిగుతుంది.

దసరా సెలవులకు కూతురు వచ్చింది. రావడమే పెరట్లోకి నడిచింది. తండ్రి మూడో జత అద్దాలు చేతికిచ్చారు. ఆమె గుంజలు కదిపి చూసింది. ఇసుక బస్తాల మీద చేయి వేసింది. పళ్లెం దగ్గర వంగి వెనకనున్న బెల్టు ముక్కను వేళ్లతో తడిమింది. బోల్టు దగ్గర రబ్బరు కాస్త పగిలి లోపలి గుడ్డ పోగులు కనిపిస్తున్నాయి.

‘బాపూ, ఇంత ఇనుము పెట్టి కడ్తే చివరికి గీ రబ్బరు ముక్క మీదనేనా ఆధారం? ఇది అరిగిపోదా?’

‘అరుగుతది బిడ్డా. మూడు నెలలకోసారి మారుస్తున్న.’

‘గంతకన్న గట్టిది దొరకలేదా?’

ఆయన నవ్వారు. యంత్రాల్లో షేర్ పిన్ అని ఒక చిన్న ముక్క ఉంటుందని చెప్పారు. చక్రాల మధ్య ఇనుప ముక్కో రాయో ఇరుక్కుంటే ముందు ఆ పిన్ను తెగుతుంది. అది తెగబట్టే పెద్ద గేరు బతుకుతుంది. కావాలనే దాన్ని మెత్తగా చేస్తారు. తెలియనివాడు దాని బదులు గట్టి బోల్టు బిగించి తెలివైన పని చేశాననుకుంటాడు. ఒకనాడు గేరు పళ్లే రాలిపోతాయి.

‘అన్నీ గట్టిగుంటే దెబ్బ ఎటు వోతది? ఎటూ వోక మన మీదికే వస్తది. మొన్న వచ్చిందిగదా. ఏది అరగాల్నో మనమే ముందుగాల అనుకొని పెట్టుకోవాలె. నూరు రూపాయలు కూడా కాని బెల్టు అరగనీ. పిల్ల కన్ను అరగొద్దు.’

కూతురు ఏమీ అనలేదు. అద్దాలు సర్దుకుని తండ్రి పక్కన పీట మీద కూర్చుంది. గొళ్లెం పడింది. మనవరాలు భుజానికి రైఫిల్ ఆనించి, ఊపిరి సగం వదిలి ఆగింది.

‘ఠంగ్.’

పళ్లెం కొద్దిగా వెనక్కి ఊగి, మళ్లీ తలవంచుకుని నిలబడింది. సీసం పొడి కింద ఇసుకలో పడింది. తల్లి చేయి అప్రయత్నంగా కంటి దాకా వెళ్లి, అక్కడే ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగింది.

వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

‘ఒకటి.’